సరుకు ఎక్కడ ఆగిపోతోంది?

1975లో నైజీరియాకు డబ్బుకు కొదవ లేదు. అంతకు రెండేళ్ల క్రితం ప్రపంచ మార్కెట్లో చమురు ధర ఒక్కసారిగా ఎగబాకడంతో ఖజానా నిండింది. అంతర్యుద్ధం 1970లో ముగిసింది, కట్టుకోవాల్సినవి దేశమంతటా ఉన్నాయి. ప్రభుత్వం సిమెంటు కొనడం మొదలుపెట్టింది. ఒప్పందం మీద ఒప్పందం చేసుకుంటూ పోతే మొత్తం ఆర్డరు దాదాపు 2 కోట్ల టన్నులకు చేరింది. అందులో సింహభాగం రక్షణ శాఖదే. అప్పటి రాజధాని లాగోస్ రేవు మాత్రం ఏడాదికి దించుకోగలిగే సిమెంటు సుమారు 10 లక్షల టన్నులు.

ఓడలు వచ్చాయి. రేవులో చోటు లేదు. కొద్ది నెలల్లోనే లాగోస్ బయట సముద్రంలో 400కు పైగా ఓడలు లంగరు వేసుకుని వంతు కోసం నిలబడ్డాయి. వేరే సరుకులు తెచ్చిన ఓడలు కూడా సిమెంటు ఓడల వెనకే ఇరుక్కుపోయాయి. తేమ తగిలి కొన్నిటిలో సిమెంటు గడ్డకట్టింది. పైగా ఒప్పందాల్లో డెమరేజీ షరతు ఉంది. అంటే ఓడను గడువు దాటి ఆపితే రోజుకు ఇంత అని ఓడవాళ్లకు చెల్లించాలి. ఈ షరతు చూసుకుని, తుక్కుకు పోవాల్సిన పాత ఓడల్లో కూడా సిమెంటు నింపి లాగోస్‌కు పంపినవాళ్లున్నారు. సిమెంటు దిగినా దిగకపోయినా రోజు గడిస్తే చాలు, వాళ్లకు డబ్బు వస్తుంది. చివరికి నైజీరియా ఒప్పందాలను నిలిపేసింది, వ్యవహారం దేశదేశాల కోర్టులకెక్కింది. వాటిలో ట్రెండ్‌టెక్స్ అనే కంపెనీ నైజీరియా సెంట్రల్ బ్యాంకు మీద వేసిన దావా 1977లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. అంతర్జాతీయ న్యాయం చదివేవాళ్లు ఇప్పటికీ ఆ తీర్పును చదువుతారు.

న్యాయం సంగతి అలా ఉంచితే, ఈ ఉదంతంలో నన్ను పట్టుకుని వదలనిది ఒకటుంది. డబ్బు ఉంది, సరుకు ఉంది, అవసరం ఉంది. సరుకు దిగే దారి ఇరుకైపోయింది. ఆ ఇరుకులో సరుకు ఆగినంత కాలం ఎవరో ఒకరికి రాబడి వస్తూనే ఉంది. యాభై ఏళ్లు గడిచాయి. వర్ధమాన దేశాల్లో సరుకు రవాణా ఎందుకు అంత ఖర్చుతో, అంత ఆలస్యంగా నడుస్తుందో అర్థం చేసుకోవాలంటే ఇప్పటికీ ఆ రెండు విషయాలే చూడాలి. సరుకు ఎక్కడ ఆగుతోంది? ఆగితే ఎవరికి లాభం?

లాజిస్టిక్స్ అనగానే లారీలు, రైళ్లు, ఓడలు కళ్ల ముందు మెదులుతాయి. మోయడం అందులో ఒక భాగం మాత్రమే. ఎక్కించాలి, దించాలి, గోడౌన్‌లో పెట్టాలి, సుంకం కట్టాలి, కాగితాలు సరిచూసుకోవాలి. ఎవరి దగ్గర ఎంత సరుకుందో, ఎవరికి ఎంత కావాలో ముందే తెలియాలి. ఈ గొలుసులో ఒక్క లింకు బలహీనంగా ఉన్నా మిగతావాటి బలం అక్కరకు రాదు. లాగోస్‌లో జరిగింది అదే.

ఒక లారీ లెక్క

రోడ్లు బాగు చేస్తే అంతా బాగుపడుతుందన్న నమ్మకం చాలామందిలో బలంగా ఉంది. అది ఎంతవరకు నిజమో చూడటానికి ఒక ఊహాజనితమైన లెక్క వేద్దాం.

రేవు నుంచి సముద్రతీరం లేని ఒక దేశపు రాజధానికి 1,500 కిలోమీటర్లు. లారీ రోజుకు 500 కిలోమీటర్లు నడుస్తుంది. వెళ్లడానికి మూడు రోజులు, రావడానికి మూడు రోజులు. కానీ రేవు గేటు దగ్గర లోడు కోసం నాలుగు రోజులు ఆగాలి. సరిహద్దులో ఇంకో నాలుగు రోజులు. అవతల ఊళ్లో సరుకు దించి కాగితాల మీద సంతకాలు పడేసరికి మూడు రోజులు. తిరుగు ప్రయాణంలో సరిహద్దు దగ్గర మళ్లీ ఒక రోజు. నడక ఆరు రోజులు, నిలకడ పన్నెండు రోజులు, మొత్తం పద్దెనిమిది. అంటే ఏడాదికి సుమారు 20 ట్రిప్పులు.

ఇప్పుడు అప్పు తెచ్చి రోడ్డు బాగు చేశారనుకోండి. లారీ రోజుకు 600 కిలోమీటర్లు నడుస్తుంది. రానూపోనూ ప్రయాణంలో ఒక రోజు తగ్గింది. ట్రిప్పుకు 17 రోజులు, ఏడాదికి 21 ట్రిప్పులు. రోడ్డును అలాగే ఉంచి, ఆగే రోజుల్ని పన్నెండు నుంచి ఆరుకు తగ్గించారనుకోండి. ట్రిప్పుకు 12 రోజులు, ఏడాదికి 30 ట్రిప్పులు. అదే లారీ, అదే డ్రైవరు, అవే గుంతలు. అయినా సగం పని ఎక్కువ జరిగింది.

లారీ యజమానికి ఈ తేడా ప్రాణవాయువు లాంటిది. బ్యాంకు వాయిదా, బీమా, పర్మిట్టు, డ్రైవరు జీతం... లారీ కదిలినా కదలకపోయినా ఇవి ఆగవు. ఏడాదికి 60 వేల కిలోమీటర్లు తిరిగితే ఆ ఖర్చంతా 60 వేల కిలోమీటర్ల మీద పడుతుంది, 90 వేలు తిరిగితే 90 వేల మీద. ఎక్కువ తిరగడానికి వీల్లేనప్పుడు కొత్త బండి కొంటే వాయిదాలు తీరవు. అందుకే యజమాని ఎక్కడో వాడి వదిలేసిన పాత లారీ కొంటాడు. అది డీజిల్ ఎక్కువ తాగుతుంది, దారి మధ్యలో ఆగిపోతుంది, అయినా వాయిదా లేదు కాబట్టి ఖాళీగా నిలబడినా అతను మునిగిపోడు. పాత లారీలు చూసి ఇక్కడివాళ్లకు వ్యాపారం చేయడం రాదనుకోవడం తప్పు. బండి రోజుల తరబడి ఆగే చోట పాత బండి కొనడమే తెలివైన లెక్క.

రిటర్న్ లోడు సంగతి కూడా చూడాలి. ఇలాంటి చాలా దేశాల్లోకి వచ్చే సరుకు ఎక్కువ, బయటికి పోయేది తక్కువ. వెళ్లేటప్పుడు నిండుగా వెళ్లిన లారీ వచ్చేటప్పుడు ఖాళీ కంటైనర్‌తో వస్తుంది. ఆ ఖాళీ ప్రయాణం ఖర్చు కూడా వెళ్లే సరుకు మీదే పడుతుంది. సముద్రతీరం లేని వర్ధమాన దేశాలు ఐక్యరాజ్యసమితి లెక్కలో 32 ఉన్నాయి. వాటి ప్రజలు కొనే ప్రతి వస్తువు ధరలో ఈ రెండు ప్రయాణాల కిరాయీ కలిసి ఉంటుంది.

రేవులో ఉండిపోవడం ఎవరికి బాగుంటుంది?

ప్రపంచ బ్యాంకు 2012లో ప్రచురించిన ఒక అధ్యయనం సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా రేవుల్లో కంటైనర్లు ఎన్ని రోజులు ఉంటున్నాయో లెక్కగట్టింది. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌ను పక్కన పెడితే సగటు సుమారు 20 రోజులు. తూర్పు ఆసియాలో, యూరప్‌లో పెద్ద రేవుల్లో అది మూడు నాలుగు రోజులు. క్రేన్లు తక్కువ, స్థలం తక్కువ అన్న జవాబు వెంటనే వస్తుంది. క్రేన్లు సరుకును ఓడ నుంచి దించడానికి పట్టే సమయం ఆ 20 రోజుల్లో చిన్న ముక్కే. మిగతాదంతా దిగాక యార్డులో పడి ఉన్న కాలం.

ఎందుకు పడి ఉంది? ఆ అధ్యయనం చెప్పిన కారణాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఏమిటంటే, సరుకు తెప్పించుకున్నవాళ్లలో చాలామందికే దాన్ని త్వరగా విడిపించుకోవాలన్న తొందర లేదు. బయట గోడౌన్ అద్దె కంటే రేవు యార్డు అద్దె చవక అయితే కంటైనర్‌ను అక్కడే ఉంచుకుంటారు. సుంకం కట్టడానికి చేతిలో డబ్బు లేకపోయినా అక్కడే ఉంచుతారు. మార్కెట్లో ఇద్దరు ముగ్గురు పెద్ద దిగుమతిదారులే ఉంటే వాళ్లకు ఆలస్యం ఒక కోటగోడ లాంటిది. పెట్టుబడి అన్ని రోజులు ఇరుక్కుపోతే తట్టుకోలేని చిన్న వ్యాపారి ఆ వ్యాపారంలోకే రాడు, పోటీ ఉండదు. ఆలస్యం వల్ల పెరిగిన ఖర్చును వాళ్లు ధరలో వేసి కొనేవాళ్ల మీదకు నెట్టేస్తారు. ఇక అడ్డంకులు దాటించడమే పనిగా పెట్టుకున్న మధ్యవర్తులకు, అడ్డంకులు తగ్గితే పని తగ్గుతుంది.

డర్బన్ ఈ విషయంలో తీసుకున్న దారి సూటిగా ఉంది. ఉచితంగా ఉంచుకునే గడువును మూడు రోజులకు కుదించి, ఆ తర్వాత అద్దె గట్టిగా వేశారు. రేవును గోడౌన్‌లా వాడుకోవడం నష్టంగా మారింది. కంటైనర్లు నాలుగు రోజుల్లో కదలసాగాయి. ఓడలు నిలిపే కొత్త బెర్తులు కట్టడానికి ముందు ఉన్న బెర్తులు ఎందుకు నిండిపోయాయో అడిగారన్నమాట.

ఇండోనేసియా 1985లో ఇంకా కఠినమైన పని చేసింది. చమురు ఆదాయం తగ్గుతోంది, వేరే వస్తువుల ఎగుమతులు పెంచాలి, కానీ రేవుల్లో కస్టమ్స్ శాఖ లంచాలతో, జాప్యంతో సరుకు కదలనివ్వడం లేదు. అధ్యక్షుడు సుహార్తో ఒక ఉత్తర్వుతో దిగుమతుల తనిఖీని ఆ శాఖ చేతుల్లోంచి తీసి ఎస్‌జీఎస్ అనే స్విట్జర్లాండ్ సంస్థకు అప్పగించారు. సరుకు బయలుదేరే దేశంలోనే తనిఖీ జరిగిపోయేది. రేవులో జాప్యం చప్పున పడిపోయింది. ఇది చూసి ప్రైవేటుకు అప్పగిస్తే చాలని అనుకోకూడదు. 1997లో ఆ ఒప్పందం ముగిసినప్పుడు ఆ పని మళ్లీ ఆ దేశపు కస్టమ్స్ శాఖే చేసుకోవాల్సి వచ్చింది. అద్దెకు తెచ్చుకున్న సామర్థ్యం ఊపిరి తీసుకోవడానికి వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో సొంత శాఖను తీర్చిదిద్దుకోకపోతే మొదటికే వస్తాం.

ఖర్చు వేరు, కిరాయి వేరు

రవాణా మీద రాసేవాళ్లు తరచుగా కలిపేసే రెండు మాటలున్నాయి. లారీ నడపడానికి యజమానికి అయ్యేది ఖర్చు. సరుకు యజమాని దగ్గర వసూలు చేసేది కిరాయి. పోటీ ఉన్నచోట ఈ రెండూ దగ్గరగా ఉంటాయి. పోటీ లేని చోట మధ్యలో పెద్ద అగాధం ఉంటుంది.

2009లో ప్రపంచ బ్యాంకు ఆఫ్రికా రవాణా మార్గాల మీద చేసిన మరో అధ్యయనం సరిగ్గా ఇక్కడే వేలు పెట్టింది. ఆఫ్రికాలో లారీ నడిపే ఖర్చు మిగతా ప్రపంచంతో పోలిస్తే విపరీతంగా ఏమీ లేదు, కిరాయిలు మాత్రం విపరీతంగా ఉన్నాయి. ముఖ్యంగా మధ్య, పశ్చిమ ఆఫ్రికాల్లో. కారణం అక్కడి వంతుల పద్ధతి. కామెరూన్‌లోని డువాలా రేవు నుంచి చాద్‌కు వెళ్లే సరుకులో 65 శాతం చాద్ లారీలకు, 35 శాతం కామెరూన్ లారీలకు అని రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. ఆ వాటాలో ఏ లారీకి ఎప్పుడు లోడు వస్తుందో వరుసలో వంతును బట్టి తేలుస్తారు. కొత్త లారీ ఉన్నా, డొక్కు లారీ ఉన్నా వంతు వంతే. వేగంగా వెళ్లినవాడికి తొందరగా ఇంకో లోడు రాదు, మళ్లీ వరుస చివర నిలబడాలి. అలాంటప్పుడు మంచి బండి ఎందుకు కొంటాడు, వేగంగా ఎందుకు వెళ్తాడు?

ఈ పద్ధతి వెనక దుర్బుద్ధి ఉందని నేను అనను. బలమైన పొరుగు దేశపు లారీలు వచ్చి తమవాళ్ల పొట్ట కొడతాయన్న భయంతోనే ఇలాంటివి పుట్టాయి. ఆ భయం నిజమైనదే. కానీ దాని బరువు మోస్తున్నది లారీల వాళ్లు కాదు, చాద్‌లో ఆ సరుకు కొనుక్కునే కుటుంబాలు. ఇలాంటి మార్గంలో రోడ్డు బాగు చేస్తే ఏమవుతుంది? యజమానికి టైర్ల ఖర్చు, మరమ్మతుల ఖర్చు తగ్గుతుంది. కిరాయి మాత్రం తగ్గదు, తగ్గించమని ఒత్తిడి చేసేవాళ్లు లేరు కాబట్టి. అప్పు తెచ్చి వేసిన రోడ్డు లాభం అక్కడే ఆగిపోతుంది. సముద్రతీరం లేని రువాండాలో 1994 తర్వాత రవాణా మీద ప్రభుత్వ నియంత్రణలు ఎత్తేసినప్పుడు కిరాయిలు బాగా పడిపోయాయి, లారీల సంఖ్య పెరిగింది. ఆ దేశం సముద్రానికి ఒక్క అడుగు కూడా దగ్గరకు జరగలేదు.

పోటీ ఎక్కువైన చోట ఇంకో చిక్కు వస్తుంది, దాన్ని దాచిపెట్టడం నిజాయితీ కాదు. కిరాయిలు పడిపోతే లారీవాళ్లు బతకడానికి ఓవర్‌లోడు ఎక్కిస్తారు. ఓవర్‌లోడు రోడ్డును ఏం చేస్తుందో 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం ఒటావా పట్టణం దగ్గర జరిగిన పరీక్షలో తేలింది. ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద లారీలను నెలల తరబడి తిప్పి, ఏ బరువుకు రోడ్డు ఎంత దెబ్బతింటుందో కొలిచారు. నష్టం బరువుతో సమానంగా పెరగదు, ఇరుసు మీద పడే బరువుకు ఇంచుమించు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు మీద బరువు 20 శాతం ఎక్కువైతే నష్టం రెట్టింపు దాటుతుంది. బరువే రెట్టింపైతే నష్టం 16 రెట్లు. 20 ఏళ్లు ఉండాలని వేసిన రోడ్డు కొన్నేళ్లకే ఎందుకు చితికిపోతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. తారు నాసిరకం అయి ఉండొచ్చు, కాంట్రాక్టరు మోసం చేసి ఉండొచ్చు. కానీ కాటా దగ్గర బరువు పట్టించుకోకపోతే నిజాయితీగా వేసిన రోడ్డు కూడా నిలవదు. మళ్లీ అప్పు, మళ్లీ రోడ్డు.

కాగితం, కంప్యూటరు, సరిహద్దు

రెండు దేశాల మధ్య సరిహద్దు అంటే సాధారణంగా రెండు ఆఫీసుల సముదాయాలు. ఇవతలి దేశం సరుకు బయటికి పోతున్నప్పుడు చూస్తుంది, కొద్ది దూరంలో అవతలి దేశం లోపలికి వస్తున్నప్పుడు మళ్లీ చూస్తుంది. అదే లారీ, అదే సీలు, అవే కాగితాలు. ఒక్కోచోట కస్టమ్స్, వలసల శాఖ, మొక్కల తెగుళ్లు చూసేవాళ్లు, ప్రమాణాల సంస్థ, పోలీసులు, ఎవరి కిటికీ వాళ్లది. జాంబియా, జింబాబ్వే సరిహద్దులో జాంబెజి నది ఒడ్డున ఉన్న చిరుండు దగ్గర 2009 డిసెంబరులో దీన్ని మార్చారు. రెండు దేశాల అధికారులూ ఒకే ఆవరణలో కూర్చుని, వెళ్లే లారీని ఒక ఒడ్డున, వచ్చే లారీని ఇంకో ఒడ్డున ఒక్కసారే చూసేలా ఏర్పాటు చేశారు. ఆఫ్రికాలో అలాంటి ఉమ్మడి సరిహద్దు కేంద్రాల్లో అది మొదటిది.

వినడానికి చిన్న మార్పు. కానీ ఒక దేశపు అధికారి ఇంకో దేశపు నేల మీద నిలబడి తన చట్టాన్ని అమలు చేయాలంటే రెండు చోట్లా చట్టాలు మార్చాలి. కట్టడం కట్టినంత సులువు కాదది. వంతెన ప్రారంభోత్సవానికి రిబ్బను ఉంటుంది, ఫోటో ఉంటుంది. చట్టంలో ఒక సెక్షను మార్చినందుకు ఎవరికీ ఫోటో పడదు. అసలైన ఫలితం ఇచ్చే పనులకు రాజకీయంగా గుర్తింపు దొరకకపోవడం ఈ రంగానికి పట్టిన పెద్ద దురదృష్టమని నేను అనుకుంటాను.

కంప్యూటర్లు కొత్తేమీ కాదు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి విభాగం అసికుడా అనే కస్టమ్స్ సాఫ్ట్‌వేర్‌ను 1980ల మొదట్లోనే తయారుచేసింది. ఇప్పుడు దాదాపు వంద దేశాలు దాన్ని వాడుతున్నాయి. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, చాలాచోట్ల కంప్యూటరు వచ్చింది కానీ కాగితం పోలేదు. ఆన్‌లైన్లో వివరాలు నింపాలి, వాటినే ప్రింటు తీసి స్టాంపు వేయించుకుని కిటికీ కిటికీకీ తిరగాలి. అప్పుడు పని ఒకటి పోయి రెండవుతుంది. ప్రపంచ వాణిజ్య సంస్థ తెచ్చిన వాణిజ్య సౌలభ్య ఒప్పందం 2017 ఫిబ్రవరి 22న అమల్లోకి వచ్చింది. ఏ సంస్కరణ వెంటనే చేయగలమో, దేనికి గడువు కావాలో, దేనికి సాయం కూడా కావాలో వర్ధమాన దేశాలే ఎంచుకునే వీలు అందులో ఉంది. తాహతుకు మించిన షరతు పెట్టి తర్వాత తప్పుపట్టే పద్ధతి కంటే ఇది ఎంతో మేలు.

సరిహద్దులు దేశాల మధ్యే ఉండవు. భారతదేశంలో 2017 జులై 1న జీఎస్టీ వచ్చేదాకా రాష్ట్రాల మధ్య సరుకు అమ్మితే కేంద్ర అమ్మకపు పన్ను పడేది. సరుకును సొంత గోడౌన్‌కు తరలిస్తే ఆ పన్ను ఉండేది కాదు. అందుకని కంపెనీలు రాష్ట్రానికొక గోడౌన్ పెట్టుకున్నాయి. కొనేవాళ్లు ఎక్కడున్నారో, రోడ్లు ఎక్కడ కలుస్తాయో చూసి పెట్టినవి కావవి, పన్ను లెక్క చూసి పెట్టినవి. చిన్న చిన్న గోడౌన్లు కాబట్టి వాటిలో యంత్రాలు పెట్టడం గిట్టుబాటయ్యేది కాదు. జీఎస్టీతో రాష్ట్ర సరిహద్దుల్లో అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు లేచిపోయాయి, గోడౌన్లు ఎక్కడ ఉండాలన్న ప్రశ్న మళ్లీ లాజిస్టిక్స్ ప్రశ్నగా మారింది.

పెద్ద రైలు మార్గాల గురించి కూడా ఒక మాట. కెన్యాలో మొంబాసా రేవు నుంచి నైరోబీకి కొత్త రైలు మార్గం 2017లో మొదలైంది, 2019లో నైవాషా వరకు పొడిగించారు, ఉగాండా సరిహద్దు దాకా మాత్రం చేరలేదు. రైలు స్వయంగా వేగమైనదే. కానీ సరుకు యజమాని తన గోడౌన్ గుమ్మం దాకా అయ్యే మొత్తం ఖర్చు చూస్తాడు. రైలు దిగాక మళ్లీ లారీకి ఎక్కించాలి, ఆ దించే ఎక్కించే ఖర్చు కలిస్తే లాభం కరిగిపోతుంది. దిగుమతులన్నీ రైల్లోనే పోవాలని 2019లో ప్రభుత్వం ఆదేశిస్తే మొంబాసాలో లారీల మీద, కంటైనర్ యార్డుల మీద బతికేవాళ్లు వీధికెక్కారు. అప్పు చేసి కట్టిన మార్గానికి సరుకు కావాలి, సరుకు తనంతట తాను రాలేదు. ఇది ఒక్క కెన్యా సమస్య కాదు.

ఎప్పుడొస్తుందో తెలియకపోతే

ఆలస్యం కంటే ఎక్కువ నష్టం చేసేది అనిశ్చితి. సరుకు ప్రతిసారీ సరిగ్గా 30 రోజులకు వస్తుందనుకోండి. వ్యాపారి 30 రోజుల ముందు ఆర్డరు పెడతాడు, అంతే. ఒకసారి 15 రోజులకు, ఒకసారి 50 రోజులకు వస్తే సగటు దాదాపు అంతే, కానీ అతను 50 రోజులకు సరిపడా నిల్వ పెట్టుకోవాలి. ఆ నిల్వకు గోడౌన్ కావాలి, అప్పు కావాలి, ఆ అప్పుకు వడ్డీ కట్టాలి. వడ్డీలు ఎక్కువ ఉన్న దేశాల్లో ఇది నడ్డి విరుస్తుంది. ఫ్యాక్టరీ పెట్టేవాళ్లు ఇలాంటి చోటికి రావడానికి వెనకాడతారు. ఒక్క విడిభాగం రాకపోతే లైనంతా ఆగిపోతుంది కదా.

పాడైపోయే వస్తువు విషయంలో ఈ లెక్క ఇంకా క్రూరంగా ఉంటుంది. రువాండాలో ఆసుపత్రులకు రక్తం రోడ్డు మీద ఎప్పుడొస్తుందో నమ్మకం లేక, ప్రతి ఆసుపత్రీ ముందుజాగ్రత్తగా ఎక్కువ దగ్గర పెట్టుకునేది. వాడకుండానే గడువు తీరిపోతే పారేసేవారు. 2016లో జిప్‌లైన్ సంస్థ డ్రోన్లతో రక్తం చేరవేయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత జరిగిన అధ్యయనంలో, ఏడాది గడిచేసరికి గడువు తీరి వృథా అయ్యే రక్తం 67 శాతం తగ్గిందని తేలింది. అందరూ డ్రోన్ వేగం గురించి మాట్లాడతారు. అడిగిన వెంటనే వస్తుందన్న నమ్మకం కలిగాక ఆసుపత్రులు దాచుకోవడం మానేశాయి, నాకు అది ఎక్కువ విలువైన మార్పు అనిపిస్తుంది. తేలికైన, ఖరీదైన, అత్యవసరమైన వస్తువుకు ఈ పద్ధతి పనికొస్తుంది. ఎరువుల బస్తాకు పనికిరాదు.

టీకాల సంగతి మరీ సున్నితం. చాలా టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. వేడి తగలకూడదు, కొన్నిటికి గడ్డకట్టేంత చలి కూడా తగలకూడదు. కరెంటు పోయే ఊళ్లో, ఐసు పెట్టెలో మోసుకెళ్లే దారిలో ఏం జరిగిందో సీసా చూసి చెప్పలేం. 1996 నుంచి పోలియో చుక్కల సీసాల మీద ఒక చిన్న గుర్తు అతికిస్తున్నారు. గుండ్రటి వలయం, దాని మధ్యలో లేత రంగు చదరం. సీసాకు వేడి తగిలిన కొద్దీ ఆ చదరం మెల్లగా ముదురుతుంది, ఒకసారి ముదిరాక వెనక్కి రాదు. చదరం రంగు చుట్టూ ఉన్న వలయం రంగంత అయిందంటే ఆ సీసా వాడకూడదు. చదవడం రాని వాళ్లు కూడా చూసి చెప్పగలరు. ఫ్యాక్టరీ నుంచి ఆఖరి ఊరి దాకా జరిగిన ప్రయాణమంతా గోరంత చదరంలో రాసి ఉంటుంది.

ఆఖరి ఊరు చేరడం కూడా తేలిక కాదు. ప్రపంచంలో చాలా ఊళ్లలో వీధి పేరు, ఇంటి నంబరు ఉండవు. నికరాగువా రాజధాని మనాగువాలో 1972లో భూకంపం వచ్చి నగరం నడిబొడ్డు కూలిపోయింది. అప్పుడు పోయిన కట్టడాలను గుర్తుగా పెట్టుకుని, ఫలానాది ఒకప్పుడు ఉన్న చోటి నుంచి ఇన్ని వీధులు అటు అని ఇప్పటికీ చిరునామాలు చెప్పుకుంటారు. అక్కడే పుట్టి పెరిగినవాళ్లకు అది చాలు. కొత్త డెలివరీ కుర్రాడు ఫోను చేసి అడుక్కుంటూ వెళ్లాలి. పెద్ద లారీ మోసే వెయ్యి కిలోమీటర్ల కంటే ఆఖరి పది కిలోమీటర్లలో ఒక్కో వస్తువుకు ఖర్చెక్కువ పడటానికి ఇది ఒక కారణం.

మందుల విషయంలో జాంబియా చేసిన ప్రయోగం గురించి చెప్పాలి. రాజధాని లుసాకాలోని కేంద్ర గోడౌన్‌లో మందులున్నాయి, పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాల్లో లేవు. మలేరియా మందు లేక తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని వెనక్కి వెళ్లేవారు. మందు మధ్యలో ఎక్కడ ఆగుతోంది? జిల్లా గోడౌన్లలో. అక్కడికి ఏకమొత్తంగా వచ్చిన మందులను విప్పి, ఏ కేంద్రానికి ఎన్నో లెక్కగట్టి, మళ్లీ కట్టి పంపాలి. ఆ పనికి తర్ఫీదున్న మనుషులు లేరు. 2009, 2010ల్లో రెండు పద్ధతులను వేర్వేరు జిల్లాల్లో పక్కపక్కనే పరీక్షించారు. ఒకదాంట్లో జిల్లా గోడౌన్‌ను అలాగే ఉంచి, ఆర్డర్లు చూసుకోవడానికి ఒక మనిషిని అదనంగా పెట్టారు. రెండోదాంట్లోనూ ఆ మనిషిని పెట్టారు, కానీ జిల్లాలో నిల్వ పెట్టడమే తీసేశారు. ప్రతి ఆరోగ్య కేంద్రానికి కావాల్సిన మందులను లుసాకాలోనే విడిగా పెట్టెలో సర్ది పంపారు. జిల్లాలో ఆ పెట్టెను విప్పరు, ఒక బండి నుంచి ఇంకో బండికి మారుస్తారు, అంతే. రెండో పద్ధతి పెట్టిన జిల్లాల్లో పిల్లల మలేరియా మందు కొరత బాగా తగ్గింది.

కొత్త రోడ్డు వేయలేదు, కొత్త గోడౌన్ కట్టలేదు. పల్లెలోని నర్సు దగ్గరికి తన కేంద్రం పేరు రాసి ఉన్న పెట్టె వచ్చింది, దారిలో ఎవరూ విప్పకుండా.